పత్తి చేలో నీడ

అనగనగా ఒక అడవి అంచున ఒక పత్తి చేను. దాని ఆసామి నక్క. అది విత్తనాల పత్తి. ఒక పువ్వు పుప్పొడిని తెచ్చి ఇంకో పువ్వుకు అద్దితేగాని కాయ పట్టదు. పెద్దవాళ్ల మొరటు వేళ్లకు పూలు నలిగిపోతాయని, ఆ పనికి పిల్లల వేళ్లే కావాలని నక్క చెప్పింది. అడవి నమ్మింది. చెప్పేవాళ్లకు చేనుంటే వినేవాళ్లు ఎదురడగరు మరి.

ఆ చేను పక్కనే పూచమ్మ అనే కుందేలు ఉండేది. దానికి ఒక్కతే కూతురు, తెల్లి.

నక్క మొదటిసారి వచ్చి, "నీ పిల్ల వేళ్లు ఎంత మెత్తనో పూచమ్మా! చేలోకి పంపు" అంది.

"దానికి బడి ఉంది ఆసామీ" అంది పూచమ్మ.

గట్టు అవతల తీతువు పిట్ట బడి పెట్టింది. ఏ నీడ మబ్బుదో, ఏ నీడ గద్దదో పిల్లలకు నేర్పేది.

రెండోసారి నక్క చిలగడదుంపలు తెచ్చింది. పూచమ్మ వాటిని తినలేదు. వెనక్కీ ఇవ్వలేదు.

మూడోసారి నక్క నవ్వింది. "ఉడుత పిల్లలొచ్చాయి, ఎలుక పిల్లలొచ్చాయి. నీ కూతురొక్కతే కలెక్టరవుతుందా? పూత ఉన్నన్నాళ్లే కదా. నీడలెక్కడికి పోతాయి, తర్వాత నేర్చుకుంటుందిలే."

పూచమ్మ పంపింది.

పంపిందే గానీ, రోజూ గట్టు మీద నిలబడి చూసేది. చేలో తెల్లి తల వంచితే ఎత్తేది కాదు. తల ఎత్తితే నక్క అరిచేది.

ఒక మిట్టమధ్యాహ్నం చేను మీద నీడ పడింది. గట్టు అవతల బడిపిల్లలు ఒక్క గెంతులో ముళ్లపొదలో దూరారు. వాళ్లలో నక్క పిల్లలూ ఉన్నాయి.

తెల్లి మాత్రం నడుం నిమురుకుని, "అమ్మయ్య, చల్లబడింది" అనుకుంది. నీడలోనే నిలబడింది.

"తెల్లీ, పొదలోకి!" తీతువు అరిచింది. పూచమ్మ ఎలా దూకిందో దానికే తెలియదు. గద్ద గోళ్లకు తెల్లి చెవి సగం పోయింది. ప్రాణం మిగిలింది.

నక్క వచ్చి చూసింది. "చెవే కదా. వేళ్లు బాగానే ఉన్నాయిగా. రేపు పంపు" అంది.

"నీ పిల్లలకు లేవా ఆసామీ, మెత్తని వేళ్లు?"



పూచమ్మ అక్కడితో ఆగలేదు. ఉడుత తల్లినీ ఎలుక తల్లినీ వెంటబెట్టుకొచ్చింది. "పనికి మేమొస్తాం. పెద్దల కూలి ఇయ్యి. పిల్లలు రారు" అంది. పూత రాలిపోతుంటే నక్క ఏం చేస్తుంది, ఒప్పుకుంది. పెద్ద వేళ్లతోనే పుప్పొడి అద్దారు. ఒక్క పువ్వూ నలగలేదు.

తెల్లి బడికి వెళ్లింది. ఇప్పటికీ మబ్బు నీడ పడితే చాలు, పక్కవాళ్లను అడుగుతుంది.

"ఇది మబ్బేనా?"

నీతి: పిల్లల వేళ్లే కావాలనేవాళ్ల పిల్లలు ఎక్కడున్నారో ముందు చూడండి; మీ పిల్లల్నీ అక్కడికే పంపండి.