బానెట్ మీద పొట్లం

సాలూరు సూరప్పడు గురువుగారిని ఎవరు ఏ ప్రశ్న అడిగినా ఆయన ముందు అడిగేది ఒకటే: "తిన్నావా?" ఆత్మ గురించి తెలుసుకోవాలని వచ్చినవాడినీ అదే అడిగేవారు, అల్లుడి మీద ఫిర్యాదు మోసుకొచ్చినవాడినీ అదే అడిగేవారు. తినలేదన్నవాడికి అన్నం పెట్టించేవారు. తిన్నానన్నవాడి మొహం కాసేపు చూసి అప్పుడు ప్రశ్నలోకి దిగేవారు. తత్వాలు పాడి బోధించే తన అరుగు మీద ఆకలితో ఎవరూ కూర్చోకూడదని ఆయన పట్టుదల.

ఒక సాయంత్రం తవిటినాయుడు మాస్టారు వచ్చి ఆ అరుగు మీద కూర్చున్నాడు. హైస్కూల్లో లెక్కలు చెబుతాడు, గురువుగారి దగ్గర తత్వాలు నేర్చుకుంటాడు. అవి బదిలీల రోజులు. విశాఖపట్నంలో బడి కోరుకుంటూ కంప్యూటర్లో ఆప్షన్ పెట్టేశాడు, ఖాయం చేయడమే మిగిలింది. భార్య వద్దంటోంది. కట్టుకున్న ఇల్లు, గురువు, అన్నీ వదిలి పోవాలంటే ఆయనకూ లోపల బెరుకుగానే ఉంది. వెనక వీధిలో సొంత అన్న అప్పలనరసయ్య ఉన్నాడు గానీ ఇద్దరికీ మాటల్లేవు. అన్నావదినలు తమ కూతురి పెళ్ళికి ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవకుండా ఫోన్లో చెప్పి ఊరుకున్నారని మాస్టారు ఆ పెళ్ళికే వెళ్ళలేదు. ఆ తర్వాత ఆ గడప తొక్కలేదు.

"గురువుగారూ, మనకిష్టమైంది దొరకని ఊళ్ళో మనిషి ఎందుకుండాలండి?" అని అడిగాడు.

"తిన్నావా?"

"తిన్నానండి. తిన్నట్టు మాత్రం లేదు."

ఏం దొరకడం లేదో గురువుగారు నిదానంగా రాబట్టారు. మాస్టారు మొదట మంచి వైద్యం అన్నాడు, తర్వాత పిల్లల కాలేజీ అన్నాడు, కాసేపు సముద్రపు గాలి గురించి కూడా మాట్లాడాడు. చివరికి బయటపడింది ఎర్రటోపీ చికెన్. ఎర్రటోపీ పెట్టుకున్న కోడిపుంజు బొమ్మతో విశాఖపట్నం నిండా కొట్లు తెరిచిన కంపెనీ అది. సాలూరు దాకా రాలేదు, వచ్చే సూచనా లేదు. ఊళ్ళో బండ్ల మీద వేసే చికెన్ పకోడీని మాస్టారు తిండి కిందే జమకట్టడు. నడివయసు లెక్కల మాస్టారు కోడి కాలు కోసం ఊరు విడుస్తానంటే ఎవరికైనా నవ్వొస్తుంది. గురువుగారు నవ్వలేదు.

"ఆదివారం ఎల్లి కడుపారా తినేసి రా. నాకూ ఒక పొట్లం తే. తర్వాత మాటాడుకుందాం" అన్నారు.

మాస్టారు వెళ్ళాడు. ఎర్రటోపీ కొట్టులో చల్లటి గదిలో కూర్చుని, అప్పుడే నూనెలోంచి తీసిన ముక్క కొరికాడు. కరకరలాడింది. నోరు కాలింది. రుచి మాత్రం చదువుకునే రోజుల నుంచీ ఆయనకు గుర్తున్నది కాదు. కౌంటరు దగ్గరికి వెళ్ళి, ఇది మీ పాత చికెన్ కాదమ్మా, పాత పద్ధతిలో వేసి ఇవ్వండి అన్నాడు. ఆ అమ్మాయి మర్యాదగా మరో ప్లేటు ఇచ్చింది. అదీ కరకరలాడింది. "మొదట్నించీ ఇదేనండి సార్, ఏమీ మార్చలేదు" అని ఆమె ఎంత చెప్పినా మాస్టారు వినలేదు. కంపెనీ చెడిపోయిందని తీర్పు చెప్పి, మాట ఇచ్చాడు కాబట్టి గురువుగారికి ఒక పొట్లం కట్టించుకుని బస్సెక్కాడు.

పాత బస్సు, ఆదివారం రద్దీ. సీటు దొరకలేదు. డ్రైవరు పక్కన, ఇంజను మీది బానెట్ దగ్గర నిలబడాల్సొచ్చింది. "ఆ పొట్లం ఇలాగ బానెట్ మీదెట్టీండి మాస్టారూ, ఎంతసేపని మోస్తారు?" అన్నాడు డ్రైవరు. పెట్టాడు. గజపతినగరం దాటేసరికి ఇంజను వేడికి పొట్లం చెమర్చింది. డీజిలు వాసనలో కలిసి మసాలా వాసన పైకొచ్చింది. మాస్టారు ఎందుకో పొట్లం వైపే వంగి నిలబడ్డాడు.

అక్కడి చికెన్ చెడిపోయిందని చెబుతూ మాస్టారు అరుగు మీద పొట్లం విప్పేసరికి చికెన్ పైపెచ్చు ఆవిరికి నాని, మెత్తబడి, కాగితానికి అంటుకుపోయి ఉంది. గురువుగారు ఒక ముక్క తీసుకుని, "నా పళ్ళకి తగ్గట్టుగుంది" అన్నారు. ఆయన మాట కాదనలేక మాస్టారు కూడా ఒకటి నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపేశాడు.

"ఇదేనండి" అన్నాడు. "ఇదే."

"అక్కడ కాదన్నావు గదా?"

మాస్టారు కాగితానికి అంటిన పెచ్చును గోటితో ఊడదీశాడు. తర్వాత చెప్పాడు. తను కాలేజీలో చదివే రోజుల్లో అన్న విశాఖపట్నం బస్సు నడిపేవాడు. జీతం అందిన వారం ఎర్రటోపీ పొట్లం కొని, బానెట్ మీద పెట్టుకుని తెచ్చేవాడు. డ్యూటీ బట్టల్లోనే ఎదురుగా కూర్చునేవాడు.

"ఆడు ముట్టుకునీవాడు కాదండి. నాను అక్కడే తినీసినాను, నువ్వు తినరా అనీవాడు. నిజమే అనుకునీవాణ్ణి. ఆ కొట్లో ఆడు ఒక్కరోజు కూడా కూచోలేదని ఆడి పెళ్ళయ్యాక వొదిన చెప్పింది."

ఆ మాట అన్నాక మాస్టారికి ఏడుపు ఆగలేదు. పిల్లలకు లెక్కలు చెప్పే మనిషి, పైపంచె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. గురువుగారు ఓదార్చలేదు, తత్వమూ చెప్పలేదు. చేయి కడుక్కుని వచ్చి, మిగిలిన ముక్కలను ఆ కాగితంలోనే జాగ్రత్తగా మడిచి, పొట్లం ఇంకా గోరువెచ్చగా ఉందో లేదో అరచేత్తో తడిమి చూసి, మాస్టారి ఒళ్ళో పెట్టారు.

"మీ అన్న తిన్నాడా?" అని అడిగారు.