తడి రంగుల అడవి

"మణికేతూ! చిన్నన్నయ్యా, మణికేతూ!"

గోడంత బొమ్మ ముందు నిలబడి రాజకుమారుడు హేమకేతు గొంతు చించుకుంటున్నాడు. ఎందుకంటారా? వినండి మరి. ముత్యాలదీవి రాజుకి ముగ్గురు కొడుకులు. నడిమివాడు మణికేతుకి యువరాణి కలువమాలతో పెళ్ళి కుదిరింది. కలువమాల తనని కాదన్నదని ఒక మాంత్రికుడు మణికేతుని ఎత్తుకుపోయాడు. జంతువుగా మార్చి, తన నూనెరంగుల బొమ్మలో పెట్టేశాడు. పెద్దవాడు సుకేతు, చిన్నవాడు హేమకేతు ఏడు సముద్రాలు దాటి వెళ్ళారు. మాంత్రికుడి ప్రాణమున్న చిలకను హేమకేతు పట్టుకున్నాడు.

"నేను చస్తే బొమ్మలో రంగులు తడిగా మారతాయి," అంది చిలక. "మళ్ళీ ఆరేలోగా మూడుసార్లే ముట్టుకోవాలి. పేరు పెట్టి పిలిస్తే మీ అన్న తల ఎత్తుతాడు. అతన్నే ముట్టుకుంటే మనిషై వస్తాడు."

హేమకేతు దాని మెడ విరిచాడు. మాంత్రికుడు కూలాడు.

ఆ బొమ్మ ఎలాంటిదనుకున్నారు! దూరం నుంచి చూస్తే పొద్దుగూకే కొండలు, ఏనుగులు, పులులు, దుప్పులు. దగ్గరికెళితే ఏమీ లేదు, చెట్టు బెరడులా పేరుకున్న ఎరుపు, పసుపు, నీలం ముద్దలు. అందుకే ముట్టుకోడానికి హేమకేతు బొమ్మకి దగ్గరగా నిలబడ్డాడు. సుకేతు గుమ్మం దగ్గర నిలబడి దారి చెప్పాడు.

"పెద్దన్నయ్యా, తల ఎత్తిందెవరు?"

"కుడికి జరుగురా. ఆఁ, అక్కడే!"

ముట్టుకుంటే అడవిపంది గుర్రుమంది.

"ఆ వణుకేంట్రా, పెళ్ళికూతురిలా! ఇంకాస్త పైకి."

ఏనుగు ఘీంకరించింది.

"ఈసారి కిందికి. నీలం పక్కన."

తోడేలు ఊళ పెట్టింది. రంగులు రాయిలా గట్టిపడ్డాయి.

హేమకేతు కాళ్ళీడ్చుకుంటూ గుమ్మం దగ్గరికొచ్చి చూశాడు. నీలం వాగుకి అవతల ఒక దుప్పి, తల ఎత్తి, గుమ్మం వైపే చూస్తూ నిలిచిపోయింది.

ఏడ్చి ఏడ్చి అలసిన కలువమాలను పెద్దలు సుకేతుకిచ్చి పెళ్ళి చేశారు. సుకేతు రాజై చాలాకాలం ఏలాడు. వానలు కురిశాయి, పంటలు పండాయి. హేమకేతు మాత్రం ఎడమచేత్తోనే అన్నం తినేవాడు. అందరూ ఛీ అన్నా మానలేదు. "అన్నను అందుకోలేని కుడిచెయ్యి ఇది. దీనికి అన్నం ముట్టే అర్హత లేదు," అనేవాడు.

ఒకరోజు నిండు సభలో ఆ చేతిని బల్ల మీద పెట్టి కత్తి ఎత్తాడు. కలువమాల కెవ్వుమంది. సుకేతు సింహాసనం మీంచి దూకి కత్తిని ఒట్టిచేత్తో పట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారింది.

"వదులు అన్నయ్యా! తప్పంతా ఈ చేతిదే."

"నీ చెయ్యి తప్పు చెయ్యలేదురా," అన్నాడు సుకేతు, కలువమాలకి వినపడేలాగే. "నేను పెట్టమన్నచోటే పెట్టింది. మొదటి పిలుపుకే మణి తల ఎత్తాడు. నేను చూశాను. ఈమె నాకు కావాలని, మూడుసార్లూ వేరే జంతువునే చూపించాను."