ఇషి ఇంటికొచ్చే దారి పలక

అనగా అనగా ఎప్పటి మాటో, లెక్క చెప్పేవాళ్లెవరూ మిగల్లేదు. మంచు ఇంటి చూరుదాకా పేరుకునే దేశంలో, జపాను కొండల నడుమ, అకిగురి అని ఒక ఊరుండేది. ఊళ్లో పదకొండే ఇళ్లు.

మంచంటే మన పుష్యమాసపు పొగమంచు అనుకునేరు. పొద్దెక్కితే పోయే మంచు కాదది. కార్తీకంలో మొదలై ఉగాది దాకా కురుస్తుంది. కురిసి కురిసి మనిషి ఎత్తు నిలుస్తుంది. తలుపు తీస్తే ఎదురుగా తెల్లటి గోడ. "మరి వాళ్లు బయటికెలా వెళ్తారు?" అని చిన్నప్పుడు నేనూ అడిగాను. "కథ వింటావా, నువ్వే చెబుతావా?" అని మా పెద్దమ్మ కసిరింది. కాబట్టి మీరు ఊఁ కొడుతూ వినండి.

బయటికి వెళ్లడానికి అకిగురివాళ్లకి ఒక ఏర్పాటుంది. అడివి తీగెని గుండ్రంగా వంచి కట్టిన చట్రాలు కాళ్లకి తొడుక్కుని, రోజూ తెల్లారుతూనే ఒక మనిషి ఊళ్లోంచి ఏటి వంతెన దాకా మంచు తొక్కుకుంటూ వెళ్లాలి. దూరం అరకోసు. ఆ తొక్కిన అడుగుల్లో అడుగులేస్తూ మిగతావాళ్లు నడుస్తారు. అడుగు తప్పితే నడుందాకా దిగబడతారు. వంతెన అవతల దారి దిగువూరివాళ్లది. అక్కడ నేల చదును, మంచు తక్కువ, వాళ్లకంత బాధ లేదు.

ఈ పని రోజుకొక ఇంటి వంతు. వంతు గుర్తుకి ఒక చెక్క పలక ఉండేది. దారి పలక అనేవాళ్లు. ఇవాళ దారి తొక్కినవాళ్లు పొద్దుగూకేలోగా పలకని పక్కింటి తలుపుకి తగిలించి వస్తారు. మర్నాడు వంతు ఆ ఇంటిది. పలక వచ్చే ఇంటికి కొండమీద అడివిలో కట్టెల వాటా ఉంటుంది, ఊరి పెద్ద ఇంట్లో నిప్పు చుట్టూ కూర్చునే చోటుంటుంది. పలక రాని ఇల్లు ఊళ్లో ఉన్నా ఊరిది కాదు.

ఆ ఊళ్లో ఇషి అని ఒకామె ఉండేది. పొట్టి మనిషి. అటకమీద బుట్ట అందుకోవాలంటే రోలు బోర్లించి ఎక్కాలి. పిల్లల్లేరు. ఆ యేడు ఆకులు రాలే కాలంలో మొగుడు జ్వరంతో పోయాడు. అంతదాకా దారి తొక్కడం అతని పని. అతను పోయిన నెలకి మంచు పడింది. పలక ఒక్కో తలుపూ తిరిగి ఇషి తలుపు దగ్గరికొచ్చింది.

ఊరి పెద్ద గొన్‌రోకు స్వయంగా వచ్చాడు.

"ఒంటరిదానివి. నీవల్ల అవుతుందా?"

"అవుతుందయ్యా. తగిలించండి," అంది ఇషి.

"ఎండ వంతెన మీద పడేలోపు దారి పూర్తవ్వాలి. తెలుసుగా?"

"తెలుసయ్యా."

మొగుడి చట్రాలు ఆమె కాళ్లకి పెద్దవి. గడ్డి తాడు పేని వదులు బిగించి కట్టుకుంది. చిన్న కాళ్లు, చిన్న అడుగులు. అడుగేసి, ఒకసారి అదిమి, ఇంకోసారి అదిమి, పక్కనే ఇంకో అడుగు. అలా అరకోసు. ఆమె వంతెన చేరేసరికి ఎండ వంతెన దాటి ఏట్లో పడింది. వెనకాల ఉప్పు మోసుకొచ్చేవాళ్లు, బొగ్గు మోసుకెళ్లేవాళ్లు చలికి చంకల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డారు. అది మొదటిసారి.

పదకొండు రోజులకి పలక మళ్లీ వచ్చింది. ఇషి ముందుకంటే పెందలాడే లేచింది. అడుగేసి, ఒకసారి అదిమి, ఇంకోసారి అదిమి. మళ్లీ ఎండే గెలిచింది.

ఆమె పక్కింట్లో రికిజో ఉండేవాడు. పలక ఇషి తర్వాత వెళ్లేది వాళ్లింటికే. మనిషి తాడిచెట్టంత పొడుగు. అతను దారి తొక్కితే, పొయ్యిమీంచి దించిన గంజి చల్లారేలోగా ఇంట్లో ఉంటాడని ఊరంతా చెప్పుకునేవాళ్లు. అందరికంటే ఎక్కువ అతనే చెప్పుకునేవాడు.

"ఇదేం దారి వదినా? కోడిపెట్ట నడిచినట్టుంది. నా ఒక్క అడుగులో నీవి మూడు పడతాయి," అన్నాడు. జనం పొట్ట పట్టుకుని నవ్వారు.

"పడితే పడనీ మరిదీ. నా కాళ్లింతే," అంది ఇషి.

మర్నాడు రికిజో తొక్కిన దారిలో ఇషి దిగువూరికి బయల్దేరింది, గింజలు తేవడానికి. ఒక అడుగులోంచి ఇంకో అడుగులోకి ఆమె కాలు అందలేదు. మధ్యలో మెత్తటి మంచు. దిగబడింది, లేచింది, దిగబడింది. వంతెన దాకా పోకుండానే వెనక్కి తిరిగింది. ఆ ముక్క గొన్‌రోకుతో చెప్పింది కూడా.

"అయ్యా, రికిజో దారిలో నేను నడవలేకపోయాను. నాలాంటివాళ్లు ఇంకా ఉంటారు."

"నీ కాళ్లు కొలిచి ఊరి దారి వేస్తామా?" అన్నాడు గొన్‌రోకు. అలా రెండో వంతూ గడిచింది.

మూడో వంతుకి ముందు మూడు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. మగవాళ్లకే కష్టమైన మంచు. ఇషి కోడి కూయకముందే బయల్దేరింది. అడుగేసి, ఒకసారి అదిమి, ఇంకోసారి అదిమి. పెద్ద అడుగులేద్దామని చూసింది కూడా, దాచడమెందుకు. నాలుగడుగులకే బోర్లా పడింది. లేచి మళ్లీ చిన్న అడుగులే వేసింది. వంతెన దగ్గరికి చేరేసరికి పొద్దు నెత్తిమీదికొచ్చింది.

ఆ సాయంత్రం గొన్‌రోకు ఇంట్లో అందరూ నిప్పు చుట్టూ కూర్చున్నారు.

"మూడుసార్లు చూశాం. ఇకమీదట పలక ఇషి ఇల్లు దాటి వెళ్తుంది," అన్నాడు గొన్‌రోకు.

"అయ్యా, తిండి లేకపోతే నాలుగిళ్లలో అడుక్కుంటాను. పలక లేకపోతే ఎవర్ని అడగను? నా మొగుడి ఇల్లు ఊళ్లోంచి తీసెయ్యకండి," అంది ఇషి.

ఆమె లేచి వెళ్లిపోయింది. ఆమె కూర్చున్న చోట్లోకి పక్కాయన కాళ్లు చాపుకున్నాడు. చలి దేశం కదా, నిప్పు దగ్గర చోటు ఎంతోసేపు ఖాళీగా ఉండదు.

మరి పదకొండు రోజులు గడిచాయి. ఇషికి రావాల్సిన పలక ఆమె ఇంటి ముందునుంచే వెళ్లి రికిజో తలుపున వేలాడింది. ఆమె కిటికీలోంచి చూసింది. ఏడ్చింది. చూడకూడదనుకుంటూ మళ్లీ చూసింది.

తెల్లారి రికిజో దారి తొక్కాడు. టక్ టక్ టక్ మని వెళ్లాడు, వచ్చాడు. గంజి నిజంగానే వేడిగా ఉంది. ఒక గుక్క తాగాడో లేదో, లోపల అతని పెళ్లాం కేక పెట్టింది. తొలిచూలు. నెల ఇంకా నిండలేదు. బిడ్డ అడ్డం తిరిగిందని అత్తగారు కంగారుపడింది. మంత్రసాని ఉండేది దిగువూళ్లో.

రికిజో లగెత్తాడు. తన దారి తనకి బ్రహ్మాండంగా ఉంది, గాల్లో తేలినట్టు వెళ్లాడు. మంత్రసానిని వెంటబెట్టుకొచ్చాడు. ఆవిడ డెబ్బై ఏళ్ల ముసలమ్మ, వంగిపోయిన నడుము. వంతెన దాకా చక్కగా నడిచింది. వంతెన దాటి మొదటి అడుగు వేసింది, రెండో అడుగు అందలేదు. చంకలదాకా దిగబడింది.

రికిజో లాగి బయటికి తీశాడు. మళ్లీ దిగబడింది. మళ్లీ తీశాడు. మూడోసారీ దిగబడింది.

"వీపుమీద ఎక్కు అవ్వా," అన్నాడు.

ఎక్కింది. ఇద్దరి బరువుకి తొక్కిన మంచు ఆగలేదు. అతని కాలు తొడదాకా దిగిపోయింది, ఇద్దరూ పక్కకి దొర్లారు. లేచి పదడుగులేసేసరికి మళ్లీ పడ్డారు. ఇంకోసారి పడేటప్పటికి ముసలమ్మకి ఒళ్లు మండింది.

"ఒరేయ్, నన్ను ఇక్కడ చంపి అక్కడ పురుడెవరు పోస్తారురా? ఏ రాక్షసుడు తొక్కాడు ఈ దారి?"

ఆ రాక్షసుడు రికిజోయే. పైన ఊళ్లోంచి పెళ్లాం కేక సన్నగా వినిపిస్తోంది. అంత పొడుగు మనిషీ మంచులో కూలబడి ఏడ్చాడు.

ఆ కేకలు ఇషికీ వినిపిస్తూనే ఉన్నాయి, గోడ అవతలే కదా. ఆమె వాకిట్లోకి వచ్చి కిందికి చూసింది. తెల్లటి వాలులో రెండు నల్లటి చుక్కలు. ఎంతసేపు చూసినా కదలడం లేదు. ఆమెకి సంగతి అర్థమైంది. అర్థం కాకేం, తను దిగబడిందీ ఇలాంటి దారిలోనే.

అప్పుడామె "పలక నా తలుపున లేదు, నాకేం పట్టింది" అనుకోవచ్చు. నేనైతే అనుకునేదాన్నేమో. ఆమె చట్రాలు కట్టుకుంది. రికిజో వేసిన రెండడుగుల మధ్య తన అడుగు ఒకటి వేసింది. ఒకసారి అదిమింది, ఇంకోసారి అదిమింది. మళ్లీ రెండడుగుల మధ్య ఇంకొకటి. చిన్నవే, కానీ ఒక్క సందూ వదల్లేదు. అలా తొక్కుకుంటూ వాళ్లిద్దరి దగ్గరికీ వచ్చింది.

"నా వెనకే రండవ్వా. చూసుకోనక్కర్లేదు, కాలు వెయ్యండి చాలు," అంది.

ముసలమ్మ కాలు వేసింది. ఆగింది. ఇంకో కాలు వేసింది. అదీ ఆగింది. ఇంకేం, చకచకా నడిచేసింది. ఆ వెనకాల రికిజో ముసలమ్మ మందుల పెట్టె మోసుకుంటూ, కోడిపెట్ట అడుగుల్లో అడుగులేస్తూ ఊళ్లోకి వచ్చాడు.

మంత్రసాని చేతులు కడుక్కుని లోపలికెళ్లింది. పొద్దు వాలేవేళకి ఆడపిల్ల పుట్టింది. తల్లి బతికింది, పిల్లా బతికింది. ఇంకాస్త ఆలస్యమైతే ఇద్దర్లో ఒక్కరూ దక్కేవారు కాదని ఆవిడే చెప్పింది. తర్వాత బయటికొచ్చి, వాకిట్లో చేరిన మగాళ్లందర్నీ ఎగాదిగా చూసింది.

"మీ ఊళ్లో దారి మీ కాళ్లకే వేసుకుంటారా? అయితే పురుళ్లు కూడా మీరే పోసుకోండి," అంది.

గొన్‌రోకు గడ్డం గోక్కున్నాడు. రికిజో తన తలుపునున్న పలక తీసుకుని ఇషి ఇంటికెళ్లాడు. తలుపుకి తగిలించాడు.

"రేపు నీ వంతు వదినా," అన్నాడు.

"ఆలస్యమవుతుంది మరిదీ," అంది ఇషి.

"అవనీ," అన్నాడు.

మర్నాడు నిజంగానే ఆలస్యమైంది. ఉప్పువాళ్లూ బొగ్గువాళ్లూ నిలబడి ఎదురుచూశారు. తర్వాత వంతులవాళ్లు కూడా చిన్న అడుగులే వెయ్యడం మొదలుపెట్టారు. పొడుగువాళ్లకి మొదట్లో మోకాళ్లు పట్టేశాయి. రికిజోకి మరీను.

ఇషి ఆ తర్వాత ఇరవై చలికాలాలు తన వంతు తొక్కింది. ఒక్కసారి కూడా ఎండని గెలవలేదు. ముసలిదయ్యింది. ఒక యేడు కోతలైపోయాక నిద్రలోనే పోయింది. ఊరే కొడుకై సాగనంపింది. అయినవాళ్లెవరూ లేరు గనక ఇంటికి గడియ పెట్టేశారు.

ఆ యేడు మంచు పడింది. పలక ఒక్కో తలుపూ తిరిగి ఇషి ఇంటి ముందుకొచ్చింది. తెచ్చినతను ఆగాడు. లోపల పొగ లేదు, మనిషి లేదు. అప్పటికి గొన్‌రోకు కొడుకు ఊరి పెద్ద.

"పొగ రాని ఇంటికి పలకేమిటి? దాటించెయ్యి," అన్నాడు.

రికిజో వాకిట్లో కూర్చుని ఉన్నాడు. అప్పటికతనికి మోకాళ్లు అరిగిపోయాయి, కర్ర లేందే లేవలేడు. కర్ర పట్టుకుని లేచాడు.

"ఒకసారి దాటించాం. చాల్లేదా?" అన్నాడు.

పలక తీసుకుని ఇషి తలుపుకి తనే తగిలించాడు. తెల్లారితే తొక్కేదెవరని ఎవరూ అడగలేదు. తెల్లారేసరికి పది ఇళ్లలోంచీ పదిమంది చట్రాలు కట్టుకుని వచ్చారు. ఒకర్ని ఒకరు పిలుచుకోలేదు. వరసగా నిలబడి, ఒక సందూ వదలకుండా, ఇషి అడుగులంత అడుగులే వేసుకుంటూ వంతెన దాకా తొక్కారు. అన్ని కాళ్లున్నా ఆలస్యమైంది.

ఆ ఇల్లు కొన్నాళ్లకి మంచు బరువుకి కూలిపోయింది. తలుపున్న చోట ఒక కొయ్య పాతారు. అది పుచ్చితే ఇంకొకటి, అదీ పుచ్చితే ఇంకొకటి. ఇప్పుడున్నది ఎన్నోదో అక్కడివాళ్లూ చెప్పలేరు. పలక మాత్రం పదకొండో రోజుకల్లా ఆ కొయ్య దగ్గరికి వస్తుంది. మర్నాడు ఊరంతా దారి తొక్కుతుంది.

చలికాలంలో మంచు చూద్దామని, వేడినీళ్ల గుండాల్లో స్నానాలు చేద్దామని ఆ దేశానికి వెళ్లేవాళ్లున్నారు కదా. బస్సు దిగి అకిగురి దారి పడితే, ఆరడుగుల మనుషులు జానెడు జానెడు అడుగులేస్తూ ఎదురొస్తారట. కొత్తవాళ్లు నవ్వుతారట. వాళ్లేమీ అనుకోరు, పక్కకి తప్పుకుని దారిస్తారు. ఊళ్లోకి వెళ్లాక, ఇల్లూ వాకిలీ లేని చోట మంచులో ఒక్క కొయ్యా, దానికొక పలకా కనిపిస్తే, ఇదేమిటని కొత్తవాళ్లు అడుగుతారు.

"ఇషిగారి ఇల్లు. రేపు ఆవిడ వంతు," అంటారు.