నారయ్య గూటికి నక్క వాస్తు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. రెండూ చేసి చూసిన ఘనుడు మన గిజిగాడు నారయ్య. ఆ రెండూ అయ్యాక ఇల్లాలు గూట్లోంచి బయటికి రాకపోతే ఏం చూడాలో మాత్రం పెద్దలు చెప్పి చావలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

జొన్నచేల మధ్య ఒక పాత మోటబావి ఉండేది. దాని మీదికి వంగిన తుమ్మచెట్టు, ఆ చెట్టు కొమ్మలకు సొరకాయల్లా వేలాడే గిజిగాళ్ళ గూళ్ళు. పైన ముళ్ళకు భయపడి పాము రాదు, కింద నీళ్ళకు భయపడి పిల్లి రాదు. ఇక గట్టు మీద నిలబడి పైకి చూసే నక్కకు మెడనొప్పి తప్ప మిగిలేదేమీ లేదు. నక్కెక్కడ, నాకలోకమెక్కడ!

గిజిగాళ్ళలో ఒక ఆచారం ఉంది. మగవాడు సగం గూడు అల్లి, రెక్కలు కొట్టుకుంటూ పిలుస్తాడు. ఆడది వచ్చి లోపల దూరి, కాళ్ళతో లాగి, ముక్కుతో పొడిచి చూస్తుంది. గూడు నచ్చితే కాపురం, నచ్చకపోతే పో పొమ్మంటుంది. అందుకని ఆ కులంలో పుట్టిన ప్రతి మగవాడికీ ఒకటే నమ్మకం. ఆడదాని మొహం వాడిందంటే గూట్లో ఏదో లోపం ఉన్నట్టే.

నారయ్య గూడును తుంగమ్మ ఒక్క చూపుకే ఒప్పుకుంది. "అల్లిక బావుందయ్యా, నీ పాటే చెవులకు చిల్లులు పొడుస్తోంది" అని పకపకా నవ్వింది కూడా. అంత నవ్వే పిల్ల, ఆ ఏడు తొలివానలు వెళ్ళాక ఎందుకో మాట తగ్గించింది. తర్వాత తిండి తగ్గించింది. ఆ తర్వాత గూట్లో ఓ మూలకు ఒదిగి, గోడకేసి మొహం పెట్టుకు కూర్చుంది.

"ఏమైందే?" అన్నాడు నారయ్య.

"ఏమీ లేదయ్యా."

"ఏమీ లేకపోతే బయటికి రా. చేలనిండా పాలకంకులే!"

"రావాలనే ఉంది. కాళ్ళు రావడం లేదు."

"నొప్పా?"

"నొప్పి కాదు."

"మరింకేమిటి?"

"తెలీదు."

తెలీకపోవడమేమిటి? ముల్లు గుచ్చుకుంటే ముల్లు కనబడుతుంది, ఆకలేస్తే కడుపు చెబుతుంది. తెలీని బాధ ఒకటుంటుందని నారయ్య ఎన్నడూ వినలేదు. తల గోక్కున్నాడు, గూడు చుట్టూ ఎగిరి చూశాడు, ఒక పోగు వదులైనట్టు కనబడింది. హమ్మయ్య, దొరికింది! గబగబా బిగించాడు. తుంగమ్మ అటు తిరిగే ఉంది.

సరే, చీకటిగా ఉందేమోనని తడిమట్టి తెచ్చి, దాని మీద మిణుగురులు అతికించాడు.

"ఏమీ అనుకోకయ్యా, ఆ వెలుగు కళ్ళలో గుచ్చుకుంటోంది" అంది తుంగమ్మ. పీకేశాడు. పడక గట్టిగా ఉందేమోనని రెల్లుపూల దూది పరిచాడు. దాన్ని చూసి ఆమె భోరుమంది. "నా కోసం ఇంత చేస్తున్నావు, నాకు సంతోషమే రావడం లేదు. నేనెంత పాపిష్టిదాన్నో!"

నారయ్యకు మతిపోయింది. చేస్తే ఏడుస్తుంది, చేయకపోతే పలకదు. ఒకరోజు విసుగొచ్చి, "అసలు నీకేం తక్కువైందే?" అని గట్టిగా అరిచేశాడు. ఆమె ఇంకాస్త ముడుచుకుంది. ఆ రోజంతా నారయ్యకు ముద్ద దిగలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది. ఇలాగే తినడం మానేస్తే ఈ పిల్ల బతకదేమోనన్న భయం మొదటిసారి అప్పుడే వేసింది వాడికి.

పక్క కొమ్మ గిజిగాడు వచ్చి చెవిలో ఊదాడు. "ఎందుకన్నా ఈ తిప్పలు? ఇంకో గూడు మొదలెట్టి ఇంకొకత్తెని పిలు. మనలో ఉన్నదేగా!"

"ఛీ, నోర్మూసుకో!" అన్నాడు నారయ్య. అదొక్కటే ఆ కాలంలో వాడికి తడబాటు లేకుండా వచ్చిన మాట.

బావి దగ్గర పుల్లన్న అని ఒక ముసలి ఎద్దు ఉండేది. మోట లాగినంత కాలం లాగి, ఇప్పుడు నీడన పడి నెమరేస్తుంటుంది. నారయ్య దాని కొమ్ము మీద వాలాడు.

"తాతా, నీ జోడెద్దు ఒకప్పుడు కాడి వదిలేసి పడుకుండిపోయిందట గదా. నువ్వేం చేశావు?"

"ఏం చేశాను? పక్కన నిలబడ్డాను."

"అంతేనా?"

"ఈగలు తోలాను."

"దాంతో లేచిందా?"

"లేచింది. నా తోకతో లేచిందో, వైద్యుడి మందుతో లేచిందో, నాకెలా తెలుస్తుందిరా?" అని పుల్లన్న కాసేపు నమిలింది. "చెరువవతల గోరింక నాగమ్మ ఇలాంటివి చూస్తుంది. పిల్లను ఒకసారి తీసుకెళ్ళు."

"లోపం గూట్లో ఉంటే మందేం చేస్తుంది తాతా?"

"నీ ఇష్టం" అంది పుల్లన్న.

ఎద్దును అడగడం నాదే బుద్ధితక్కువ అనుకున్నాడు నారయ్య. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు మరి!

ఈలోగా కాకత్త ఊరుకుంటుందా? కందకు లేని దురద కత్తిపీటకెందుకో గానీ, చేలంతా తిరిగి చాటింపు వేసింది. "నారయ్య పెళ్ళాం గూట్లోంచి కదలడం లేదట, ఎగిరే ఓపికే లేదట!" ఆ మాట తుప్పలో పడుకున్న నక్క చెవిన పడింది. ఎగరలేని పిట్ట! నక్క లేచి ఒళ్ళు దులుపుకుంది, నుదుటికి ఎర్రమట్టి పూసుకుంది, జొన్నదంటు ఒకటి చంకన పెట్టుకుంది. గట్టెక్కేసరికి నక్క కాస్తా సిద్ధాంతి అయి కూర్చుంది.

"నాయనా నారయ్యా! ఈ గూడు ఏ ముహూర్తాన కట్టావు?"

"ముహూర్తమా? గడ్డి దొరికినప్పుడు కట్టానండి."

"హరి హరీ!" నక్క దంటుతో గాలిని కొలిచి, వేళ్ళు మడిచి, కళ్ళు మూసుకుంది. "ద్వారదోషం. దాని కింద బావిదోషం. ఇల్లాలి కింద ఇంత గొయ్యి ఉంటే గుండె బరువెక్కక ఏం చేస్తుంది?"

నారయ్యకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకు ఒకరు కారణం చెప్పారు! "నేననుకుంటూనే ఉన్నానండీ, గూట్లోనే ఉందని!"

"చూశావా, నీకూ తెలుసు. అదిగో, అన్నిటికంటే కిందికి వంగిన కొమ్మ, గట్టు అంచున ఉంది చూడు. దానికి కొత్త గూడు కట్టు. ద్వారం నా తలకు కాస్త పైన ఉండాలి, అంతకంటే ఎత్తయితే ఫలితం ఉండదు. అమ్మాయిని అందులోకి దింపి, నువ్వు దూరంగా వెళ్ళిపో. పొద్దువాలే వేళ ఆమె ఒంటరిగా ఉండాలి. దోషం ఒంటరిగా ఉన్నప్పుడే దిగుతుంది."

"దక్షిణ ఏమివ్వమంటారు సిద్ధాంతిగారూ?"

"నా దక్షిణ నేనే తీసుకుంటాలే" అని నక్క పెదవులు తడుపుకుంటూ తుప్పలోకి వెళ్ళింది.

"సిద్ధాంతే నీ ఇంటికి నడిచొచ్చాడంటే నక్కతోక తొక్కావురా నారయ్యా!" అంది కాకత్త. వినేవాడు వెర్రివాడైతే చెప్పేవాడు వేదాంతి, కాదూ మరి!

నారయ్య పనిలో పడ్డాడు. ఏం చెయ్యాలో తెలీక కొట్టుమిట్టాడుతున్నవాడికి చేతినిండా పని దొరికింది, అంతకంటే ఏం కావాలి? లేత ఈతాకులు చీల్చాడు, చిక్కగా అల్లాడు, లోపల తడిమట్టి మెత్తాడు. మధ్యమధ్య పాడాడు కూడా. పూర్తయ్యాక పైగూటికి ఎగిరి, "తుంగా, లే! నీ కష్టం తీరిపోయింది. కిందిగూటికి పోదాం" అన్నాడు.

"సరే" అంది తుంగమ్మ. "నువ్వు చెబితే వస్తాను. నాకెక్కడైనా ఒకటే." లేవబోయి, మళ్ళీ కూర్చుంది. "అక్కడ నువ్వుంటావా?"

"ఉండకూడదట. నువ్వొక్కదానివే ఉండాలట."

 ఎన్నో నాళ్ళకు తుంగమ్మ మొహం ఇటు తిప్పింది.

"ఏమయ్యా, ఒకటడుగుతాను. నువ్వు ఈ గూట్లో కూర్చుని ఎన్నాళ్ళయింది?"

"అదేమిటి? పొద్దస్తమానం ఇక్కడే ఉన్నానుగా!"

"గూడు బయట ఉన్నావు. పోగు బిగిస్తూ, మట్టి మెత్తుతూ. లోపలికి వచ్చినా పడక సర్దడానికే వచ్చావు. నా పక్కన ఎప్పుడు కూర్చున్నావు?"

నారయ్య గుమ్మం దగ్గర్నుంచి ఒక అడుగు లోపలికి వేశాడు. 

"గూట్లో ఏ లోపమూ లేదయ్యా" అంది తుంగమ్మ. "ఊరందర్నీ అడిగావు, గూటి సంగతి నన్నడిగితే చెప్పేదాన్ని. ఇది ఎందుకొచ్చిందో నాకూ తెలీదు. నువ్వు పక్కన కూర్చుంటే పోతుందనీ చెప్పలేను. కానీ ఒక్కదాన్నే ఉంటే భయమేస్తుంది."

 ఇంత చిన్న మాట వినడానికి అంత పెద్ద గూడు కట్టాలా నేను అని నారయ్య కుమిలిపోయాడు. ఆమె మళ్ళీ మెల్లగా అంది. "ఇంకో సంగతి. సిద్ధాంతి మాటలు పైకి వినబడ్డాయి. దోషం పోవడానికి గూడు సిద్ధాంతి నోటికి అందే ఎత్తులోనే ఎందుకుండాలి?"

నారయ్య గుమ్మంలోంచి తల బయటపెట్టి కిందికి చూశాడు. కిందిగూడును చూశాడు. దాని పక్కనే ఉన్న గట్టును చూశాడు. తుప్పలో ఎర్రమట్టి పూసుకున్న నుదురు కనబడింది.  ప్రాణంగా చూసుకునే పెళ్ళాన్ని తన చేతులతోనే నక్క నోట్లో పెట్టబోయాడు!

"వాడి పని చెప్పొస్తాను. ఒక్క క్షణం ఉంటావా?"

"ఉంటాను. తిరిగి వస్తావుగా?"

"వచ్చి కూర్చుంటాను."

కిందిగూటి దగ్గరికి వెళ్ళి, బిగిస్తున్నట్టు నటిస్తూ, కొమ్మకు వేసిన ముడులన్నీ ఒక్కొక్కటే విప్పాడు. ఒక్క పోగు మాత్రం ఉంచాడు. అల్లినవాడికే గదా ఎక్కడ విప్పాలో తెలిసేది! లోపలున్న మట్టి బరువుకు గూడు, ఎవరో కూర్చున్నట్టే నిండుగా వేలాడుతోంది. పొద్దు వాలుతుండగా గొంతు పెంచి అన్నాడు. "తుంగా, కదలకుండా లోపలే ఉండు! సిద్ధాంతిగారు చెప్పినట్టు నేను దూరంగా పోతున్నాను!" అని రివ్వున ఎగిరి, చాటుగా తిరిగొచ్చి పైగూట్లో దూరాడు.

నక్క తుప్పలోంచి వచ్చింది. అటూ ఇటూ చూసింది. గట్టు అంచు నుంచి ఒక్క ఎగురు ఎగిరి గూడును కరిచిపట్టింది. గూడు పట్టుకుని ఊగి మళ్ళీ గట్టు మీదికే దిగుదామని దాని లెక్క. పోగు పుటుక్కుమంది. నోట్లో గూటితో, గూట్లో మట్టితో సిద్ధాంతి దభీమని బావిలో పడ్డాడు.

పుల్లన్న నింపాదిగా లేచి, బావిలోకి తొంగి చూసింది. "సిద్ధాంతిగారూ, లోపల ఏ దోషం కనబడుతోంది?"

"తాతా, నీ కాళ్ళు మొక్కుతాను, రైతుకు చెప్పకు!" అని నీళ్ళలో కొట్టుకుంటూ నక్క బావిలోని రాతిమెట్టు మీదికి పాకింది.

"నేనెందుకు చెబుతాను? కాకత్త ఉందిగా" అంది పుల్లన్న. కాకత్త అప్పటికే సగం ఊరికి చెప్పేసింది. రైతు దుడ్డుకర్ర పట్టుకుని వస్తూనే ఉన్నాడు.

చెట్టు చెట్టంతా విరగబడి నవ్వింది. నారయ్యా నవ్వాడు. నవ్వుతూ పెళ్ళాం వైపు చూశాడు. తుంగమ్మ నవ్వలేదు.

నారయ్య నవ్వు ఆగిపోయింది. నక్క పీడ పోయింది గదా, మరి ఇంకా ఎందుకు? అలవాటు చొప్పున కళ్ళు వదులైన పోగు కోసం వెతికాయి. లేవబోయాడు. అంతలో ఇచ్చిన మాట గుర్తొచ్చింది. పక్కన కూర్చున్నాడు. ఏం మాట్లాడాలో తెలీలేదు. మాట్లాడాలో వద్దో కూడా తెలీలేదు. ఆమె రెక్క మీదికి చీమ ఒకటి పాకుతుంటే ముక్కుతో తోసేశాడు.

చాలాసేపటికి తుంగమ్మ అంది. "పొద్దున గింజలకు వెళ్ళేటప్పుడు చెప్పి వెళ్ళు."

"నువ్వూ వస్తావా?"

"ఏమో. రాలేకపోతే ఒక కంకి తెచ్చిపెట్టు."

"తెస్తాను." భయం భయంగా అడిగాడు. "నాగమ్మ దగ్గరికి పోదామా? ఇద్దరం?"

"ఇద్దరమైతే పోదాం" అని తుంగమ్మ వాడి భుజానికి తల ఆనించింది. కళ్ళలో నీళ్ళు అలాగే ఉన్నాయి. అవి ఎందుకో నారయ్యకు ఇప్పటికీ అర్థం కాలేదు. అయినా కదలకుండా కూర్చున్నాడు.

నీతి: బాగుచేయడం చేతకాని చోట పక్కన కూర్చోవడమైనా చేతకావాలి.