తలూపిన ఎద్దు, తోక కొరికిన నక్క

వికారి నామ సంవత్సరం, రోళ్లు పగిలే ఎండాకాలం. జోరీగలు మందల మీద పడి పీక్కుతింటున్నాయి. గంగిరెద్దులాట మానేసి అడవి అంచున చేరిన బసవడనే ముసలి ఎద్దుకు చెవిలో రక్తం పీల్చే పిడుదు పట్టింది. పుట్ట పక్కన వైద్యం చేసే నక్క దగ్గరికి వెళ్లాడు.

నక్క పీతను నములుతూ, తల ఎత్తకుండానే, "తీసెయ్యనా, ఎద్దన్నా?" అంది.

బసవడు తలూపాడు. నక్క వెనక్కి పోయి తోకను మొదలంటా కొరికేసింది.

"అయ్యో! పిడుదు చెవిలో గదయ్యా!"

"అలాగా? పొద్దున గొర్రెకు తోక కుళ్లితే తీశాను. అదే ఊపులో నీకూ కానిచ్చేశాను."

సాయంత్రానికి బసవడి వీపు ఈగలతో నల్లబడింది. తోలుకోవడానికి తోక లేదు. మేత మేయలేక, నిలబడలేక, తగవులు తీర్చే ముసలి బర్రె దగ్గరికి పరుగెత్తాడు. బర్రె బురదగుంటలోంచి లేవకుండానే నక్కను పిలిపించింది.

"వైద్యమన్నాక ఒక్కోసారి వికటిస్తుందమ్మా," అంది నక్క.

"నిజమే," అని బర్రె తన వీపు మీద వాలిన కాకిని అడిగింది. "ఏమే కాకీ, రోజూ పిడుదులు పీకుతావు గదా, నీకెప్పుడూ వికటించలేదా?"

"వికటించకేం, పెద్దమ్మా! జాగ్రత్తగా పీకినా ఒక్కోసారి చెవి చిట్లుతుంది. కానీ పిడుదు ఎక్కడుందో చూడకుండా ముక్కు పెట్టే కాకి మా గుంపులో లేదు," అంటూనే కాకి బసవడి చెవిలో పిడుదును పీకేసింది.

"చూసి చేసినా చెడితే అది తప్పు కాదు. నువ్వు చూడనే లేదు," అంది బర్రె.

"అడిగాకే తీశాను! తలూపాడు!"

బర్రె బసవడి వైపు తిరిగింది. "బసవా, నువ్వు కాకివా?"

బసవడు తలూపాడు.

"ఈ నక్కకు పెళ్లానివా?"

బసవడు తలూపి, మోకాళ్ల మీద వంగి దణ్ణం కూడా పెట్టాడు. గుంటలోని కప్పలు పడీపడీ నవ్వాయి.

"ఏం తీస్తావో, ఎందుకో చెప్పకుండా ఊపించుకున్న తల ఒప్పుకోలు కాదు, నక్కా."

నక్క మొండికేసింది. "కుట్టేవి ఈగలు. నేనా? వాటినడగండి!"

ఈగల్ని అడిగారు. వాటిలో పెద్దది ముందుకొచ్చింది. "తోక ఉన్నన్నాళ్లూ ఈ వీపు మీద వాలే ధైర్యం మాకెక్కడిదమ్మా! అంతా నక్కగారి దయ," అని నక్కకు నమస్కారం పెట్టింది.



"పోయిన తోక తెచ్చివ్వలేవు. దాని పని నీ తోకతో చెయ్యి," అని బర్రె తీర్పు చెప్పింది.

నక్క బసవడి నడుము మీద వెనక్కి తిరిగి కూర్చుని ఈగలు తోలసాగింది. పూట గడవకముందే, "అన్నా, ఇక దిగనా?" అంది తియ్యగా.

బసవడు తలూపాడు.

నక్క దూకబోయింది. "కూర్చో! ఆ తలూపు చెల్లదని ఇప్పుడే గదా తేలింది," అంది బర్రె గుంటలోంచి.

ఒకడి ఒంటి మీద చెయ్యి వేసేముందు చూడాలి, అర్థమయ్యేలా చెప్పాలి.

నక్క బసవడి మీదే ముసలిదైంది. బసవడికి తోక మళ్లీ మొలవలేదు.