ఉప్పుమళ్ల కాపలా

పారినాయుడు మాస్టారు ప్రశ్నకి వెంటనే జవాబు చెప్పరు. పనిముట్ల సంచి భుజాన వేసుకుని "పద" అంటారు. సముద్రపు ఒడ్డు ఊళ్లలో కాపలా కెమెరాలు బిగించడం ఆయన వృత్తి. ఆయన దగ్గర చేరినవాళ్లు పనితోపాటు ఇంకేదో కూడా నేర్చుకుని వెళతారని చెప్పుకుంటారు.

ఒకనాడు శిష్యురాలు ఢిల్లేశ్వరి అడిగింది. "మాస్టారూ, మనిషి అబద్ధమాడుతున్నాడని ఎలా పోల్చుకోవాలి?"

ఊరికే అడగలేదు ఆమె. ఉప్పుమళ్ల దగ్గర తను బిగించిన కెమెరా రోజూ వేకువన గంటసేపు బొమ్మ చూపడం మానేస్తోంది. ఆ గంటా నిద్రపోవడానికి కాపలాదారు దాలయ్యే తీగ పీకేస్తున్నాడని కామందు అనుమానం. "నేను ముట్టుకోలేదమ్మా. ఆ వేళకి మళ్లలోకి గూడబాతులు దిగుతాయి. వాటిని చూస్తూ కూకుంటాను" అన్నాడు దాలయ్య. ఎవరూ నమ్మలేదు. కెమెరాలో ఏ లోపమూ లేదని ఢిల్లేశ్వరి రాసిచ్చింది. దాలయ్య ఇరవై రెండేళ్ల కొలువు ఆ కాగితంతో పోయింది.

మర్నాడు చీకటి విడుతుండగా మాస్టారు ఆమెను అక్కడికి తీసుకెళ్లారు. అక్కడ వదిలిన తన దుప్పటి పట్టుకుపోదామని వచ్చిన దాలయ్యను కూడా ఆగమన్నారు. ముగ్గురూ గట్టు మీద కూర్చున్నారు.

మంచు కమ్ముకుంది. నేలా నీరూ ఆకాశమూ ఒకే తెలుపు. ఉప్పు కుప్పలు గాలిలో తేలుతున్నట్టున్నాయి. కెమెరా స్తంభం దగ్గరికి ఎవరూ వెళ్లలేదు. అయినా ఢిల్లేశ్వరి ఫోనులో బొమ్మ వణికింది, చారలు కట్టింది, నల్లబడిపోయింది. అంతలో ఆ తెలుపులోంచి పెద్ద పెద్ద గూడబాతులు ఒక్కొక్కటే చప్పుడు లేకుండా దిగసాగాయి. ఆమె ఫోను సంగతి మరిచిపోయింది. ఎండ పొడిచి మంచు పలచబడ్డాక చూసుకుంటే, బొమ్మ దానంతటదే తిరిగి వచ్చి ఉంది.

మాస్టారు నిచ్చెనెక్కి తీగ అతుకు విప్పారు. పైన టేపు కొత్తదానిలా ఉంది. లోపల కనెక్టరు పిన్నుల మీద పచ్చగా చిలుము. మంచు తడికి తీగ పట్టు తప్పి, ఎండకి ఆరి మళ్లీ అందుకుంటోంది. ఆయన పాడైన చివర కత్తిరించి, కొత్త కనెక్టరు వేసి, గ్రీజు పూసి, నీరు చొరని డబ్బీలో మూశారు. నీటిబొట్టు లోపలికి పాకకుండా తీగని డబ్బీ కింద కాస్త వేలాడనిచ్చారు.

ఢిల్లేశ్వరి అక్కడినుంచే కామందుకి ఫోను చేసి, తను రాసిచ్చింది తప్పని చెప్పింది. కామందు దాలయ్యను మళ్లీ పనికి రమ్మన్నారు.

"బాబాయ్, తప్పు నాది" అంది ఆమె.

దాలయ్య దుప్పటి మడత పెడుతూనే ఉన్నాడు. "వస్తానులేమ్మా. నన్ను నమ్మండని ఒకరిని అడగడం మాత్రం ఇదే మొదలు."

తిరిగి వస్తుంటే ఆమె మాస్టారు సంచి తన భుజాన వేసుకుంది. నడుస్తూ అడిగింది. "చిలుము పట్టి ఉంటుందని మీకు ముందే తెలుసా మాస్టారూ?"

"నాకేం తెలుసు?" అన్నారాయన. "ఒక గంట అతని పక్కన కూర్చుందామనుకున్నాను."