చేతులెత్తించిన పెట్రోమాక్సు

అనగనగా, ఊళ్ళలోకి కరెంటు తీగలు కొత్తగా దిగుతున్న రోజుల్లో, నందివలస అని ఒక చిన్న సంస్థానం. ఊరిని ఏలేది రాజావారు, రాజావారిని ఏలేది వేణుగోపాలస్వామి. ఆ చల్లని తండ్రిని ఒక్కసారి తలుచుకుని కథలోకి పోదాం.

స్వామి ఊరేగింపుల్లో వెలిగిన, కిరసనాయిలు పోసి పంపు కొట్టి వెలిగించే పెట్రోమాక్సు దీపాలు మూడు, గుడి అటక మీద మసిపట్టి పడున్నాయి. రాజావారు వాటిని దింపించి, ముగ్గురిని పిలిచారు.

"మూడు రోజుల్లో బాగుచేయండి. మేలైనదాన్ని స్వామి ముందు మండపంలో అలంకారంగా నిలుపుతాను. మిగతా రెండూ కరిగించి గంట పోయిస్తాను" అన్నారు.

ఒకటి కంచరి బ్రహ్మలింగానికి, ఒకటి రంగులేసే గౌరీసుకి, ఒకటి పైడమ్మకి దక్కాయి. పైడమ్మ తండ్రి ముప్పై ఏళ్ళు ఆ దీపాన్నే నెత్తిన మోసి స్వామికి దారి చూపించాడు. ఓ ఏడు వానలో జారిపడి, మోకాళ్ళు చీరుకుపోయినా దీపం ఆరనివ్వలేదు. దాని పొట్టకు మాత్రం సొట్ట పడింది. అది కరిగిపోతే, నాన్న గుర్తు మరొకటి లేదు పైడమ్మకి.

మొదటిరోజు బ్రహ్మలింగం చింతపండు, ఇటుకపొడి పెట్టి తన దీపాన్ని బంగారంలా తోమాడు. పైడమ్మ పంపు విప్పి, ఎండిపోయిన తోలుబిళ్ళను ఆముదంలో నానేసింది.

"తోలుకి తలంటు పోస్తున్నావా అక్కా?" అన్నాడు బ్రహ్మలింగం.

"ఒళ్ళు బిగుసుకుపోతే ఎవరికైనా తలంటే మందు తమ్ముడూ."

రెండోరోజు గౌరీసు తన దీపం మీద లతలు, నెమళ్ళు వేశాడు. పైడమ్మ గొట్టంలో పేరుకున్న మసి గీకుతూ కూర్చుంది.

"కనబడని చోట ఎందుకీ చాకిరీ పిన్నీ?" అన్నాడు గౌరీసు.

"మనకి కనబడదురా. దీపానికి తెలుస్తుంది."

మూడోరోజు పొద్దుగూకేదాకా పైడమ్మ, నూనె ఆవిరి బయటికొచ్చే సూదిమొనంత బెజ్జం ఒక్కటే శుభ్రం చేసింది. ఇద్దరూ పడీ పడీ నవ్వారు.

"బొమ్మలా నిలబెట్టే దీపానికి ముక్కు తుడుస్తున్నావేం?"

"ఊపిరాడొద్దూ మరి?" అంది పైడమ్మ.

సంజెవేళకు మూడు దీపాలూ మండపం చేరాయి. ఊరంతా మూగింది. "అద్దంలా ఉంది" అన్నారు మొదటిదాన్ని చూసి. "నెమళ్ళు ఎగిరేట్టున్నాయి" అన్నారు రెండోదాన్ని చూసి. మూడోదాన్ని చూసి, "సొట్ట కూడా తియ్యలేదు పాపం" అన్నారు.

పైడమ్మ స్వామి వైపు ఒకసారి చూసి, "దొరా, దీపం పెట్టేవేళ అయింది. వెలిగించమంటారా?" అని అడిగింది.

రాజావారు తలూపారు. పైడమ్మ స్పిరిటు పోసి గొట్టం వేడిచేసింది. పంపు కొట్టింది. దీపం ఒకసారి దగ్గింది, ఊపిరి పీల్చింది, బుస్సుమంటూ వెన్నెల కక్కింది.

సంజెదీపం వెలిగితే మనవాళ్ళ చేతులు ఊరుకుంటాయా? ఊరంతా చేతులు జోడించింది. బ్రహ్మలింగం జోడించాడు. గౌరీసు జోడించాడు. రాజావారూ జోడించారు.

ఆ చేతులు దించకుండానే రాజావారు నవ్వారు. "రెండు దీపాల్ని చూశాం. ఈ దీపానికి మొక్కాం. తీర్పు నేను చెప్పాలా, మన చేతులే చెప్పాయిగా."

బ్రహ్మలింగం దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "పోనీ, ఆ సొట్ట తీసిపెట్టనా అక్కా?"

"వద్దు తమ్ముడూ. అది మా నాన్న సంతకం."

కనుక బిడ్డలూ, పైన తోమితే చూసినవాళ్ళు మెచ్చుకుంటారు, లోపల తోమితే చేతులెత్తి మొక్కుతారు.